పట్టీ ఎంత బిగించాలి?

తొడకి పట్టీ బిగించి, రక్తప్రవాహాన్ని కొంత ఆపి, చిన్న చిన్న బరువులతో కసరత్తు చేయిస్తారంటే మొదటిసారి విన్నవాళ్ళకి నాటువైద్యంలా అనిపిస్తుంది. మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్ళకి చాలామంది ఫిజియోలు చేయిస్తున్న బ్లడ్ ఫ్లో రెస్ట్రిక్షన్ ట్రైనింగ్ ఇదే. దీని చరిత్ర చూస్తే కథంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందనిపిస్తుంది నాకు: ఎంత బిగించాలి?

1628లో విలియం హార్వే రక్తప్రసరణ గురించి రాసిన పుస్తకంలోనే ఈ ప్రశ్న ఉంది. చేతికి కట్టు బాగా బిగిస్తే మణికట్టు దగ్గర నాడి అందదు. కాస్త వదులు చేస్తే ధమనుల్లోంచి రక్తం వస్తుంది గానీ, సిరల్లోంచి వెనక్కి పోలేక చెయ్యి ఉబ్బుతుంది. ఆయనకి కావలసింది రక్తం తిరుగుతుందని నిరూపించడం. కండల సంగతి ఆయన పట్టించుకోలేదు.

ఇక కండల సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్ళకి బలం రావాలంటే బరువులు ఎత్తించాల్సిందేనని థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక డాక్టరు 1945లో రాశాడు. మాట నిజమే. కానీ కుట్లు ఆరని మోకాలితో పెద్ద బరువులు ఎత్తేదెలా? ఎత్తకపోతే తొడ సన్నబడిపోతుంది. చిక్కంతా ఇక్కడే.

దీనికి దారి జపాన్‌లో దొరికింది. 1966లో యోషియాకి సాటో అనే 18 ఏళ్ళ కుర్రాడు ఒక బౌద్ధ కార్యక్రమంలో మన వజ్రాసనంలా చాలాసేపు కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పిక్కలు నొక్కి చూసుకుంటే బరువులు ఎత్తాక ఉబ్బినట్టే ఉన్నాయి. ఇంకేముంది, సైకిల్ ట్యూబులూ, జూడో బెల్టులూ కట్టుకుని తన మీద తనే ప్రయోగాలు మొదలెట్టాడు. 1973లో స్కీయింగ్ చేస్తూ పడి చీలమండ విరగ్గొట్టుకుని, మోకాలి లిగమెంట్లు దెబ్బతీసుకున్నాడు. ఆ కాలికే పట్టీలు కట్టి, డాక్టర్లు చెప్పిన గడువుకన్నా చాలా ముందే కోలుకున్నానన్నాడు. ఈ పద్ధతికి కాట్సు అని పేరు పెట్టాడు. ఒత్తిడి పెంచడం అని అర్థం.

మన భాషలో చెప్పాలంటే ఇది 'నా మెషీన్‌లో పనిచేసింది' అనడం లాంటిదే. టెస్టింగ్ తర్వాత జరిగింది. 2000లో జపాన్‌లోనే లిగమెంటు ఆపరేషన్ అయిన 16 మందిని రెండు జట్లు చేశారు. ఏ కసరత్తూ లేకుండా రోజూ కాసేపు పట్టీ బిగించి వదిలిన జట్టులో తొడ ముందు కండ దాదాపు 9 శాతం తగ్గితే, రెండో జట్టులో దాదాపు 21 శాతం తగ్గింది. అద్భుతం అనుకునేలోపు, 2016లో నార్వేలో 24 మంది మీద అలాంటి ప్రయోగమే చేస్తే తేడా కనబడలేదు. 2019లో బ్రిటన్‌లో 30 శాతం బరువుతో పట్టీ కట్టి చేసినవాళ్ళకీ, పట్టీ లేకుండా 70 శాతం బరువు ఎత్తినవాళ్ళకీ బలం ఇంచుమించు ఒకేలా పెరిగింది. పట్టీవాళ్ళకి మోకాలి నొప్పి తక్కువ. కాబట్టి పెద్ద బరువులు ఎత్తగలిగినవాళ్ళకి దీంతో ప్రత్యేకంగా ఒరిగేది లేదు. ఎత్తలేని ఆ కొన్ని వారాలకే దీని విలువ.

కారణం మరీ క్లిష్టమేమీ కాదు. ఆక్సిజన్ తగ్గేసరికి చిన్న బరువుకే కండ త్వరగా అలిసిపోయి, మామూలుగా పెద్ద బరువులకి మాత్రమే కదిలే తంతువులు కూడా పనిలోకి దిగుతాయి.

సరే, మరి ఎంత? కాలికి రక్తం పూర్తిగా ఆగిపోయే ఒత్తిడిని ముందు కొలిచి, అందులో 40 నుంచి 80 శాతం పెట్టమంటున్నారు ఇప్పటి పరిశోధకులు. ఆ ఒత్తిడి తొడ లావుని బట్టి, పట్టీ వెడల్పుని బట్టి, బీపీని బట్టి మారుతుంది. పక్కింటాయన కొలత మీకు పనికిరాదు. ఆన్‌లైన్‌లో దొరికే సాగే పట్టీకి అసలు కొలతే లేదు. ఆపరేషన్ అయిన కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ ఎక్కువ. గతంలో గడ్డలు కట్టినవాళ్ళయితే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పి తీరాలి.

హార్వే నాడి పట్టుకుని చూశాడు, సాటో తన కాళ్ళనే పణంగా పెట్టాడు. మనకి కొలిచే యంత్రాలు ఉన్నాయి. మీ ఫిజియో పట్టీ చేతిలోకి తీసుకుంటే, బిగించేముందు "నా కాలికి ఎంతో కొలిచారా?" అని మొహమాటపడకుండా అడగండి.