తియ్యటి విషం: ప్రియస్ కూలెంట్ వెనక కథ

కూలెంట్ మార్చడమంటే పాతది తీసేసి కొత్తది పోయడమేగా అంటారు. నన్నడిగితే పాతది బయటికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

కూలెంట్‌లో దాదాపు సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్. 1856లో వుర్జ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. కార్ల కాలం వచ్చేదాకా రేడియేటర్‌కీ దీనికీ సంబంధం లేదు. 1920లలో అమెరికన్లు చలికాలం నీళ్ళు గడ్డకట్టి ఇంజన్ పగలకుండా మిథనాల్ కలిపేవారు. అదేమో 65 డిగ్రీలకే మరిగి ఆవిరైపోయేది. 1927లో యూనియన్ కార్బైడ్ ‘ప్రెస్టోన్’ పేరుతో గ్లైకాల్‌ని అమ్మకానికి పెట్టింది. (అవును, భోపాల్ యూనియన్ కార్బైడే. 1984 దుర్ఘటన తర్వాత, 1986లో ప్రెస్టోన్ని వేరేవాళ్ళకి అమ్మేసింది.)

తమాషా ఏంటంటే, ఉత్త గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సగం నీళ్ళు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. చిక్కగా పోస్తే మంచిదనుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఇహ దీని దుర్గుణం: తియ్యగా ఉంటుంది. తాగితే ఒంట్లో ఆమ్లాలుగా మారి, చివరికి ఆక్సలేట్ స్ఫటికాలై మూత్రపిండాలని పాడుచేస్తుంది. దీని తోబుట్టువు డైఇథిలీన్ గ్లైకాల్ కూడా మూత్రపిండాలని పాడుచేసేదే. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందుని అందులో కరిగించి, పళ్ళ రుచి చేర్చి అమ్మారు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. అమ్మే ముందు మందు సురక్షితమని నిరూపించాలన్న రూలే అప్పటికి లేదు! ఆల్కహాల్ లేని మందుకి ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టారన్న నేరం కిందే కేసు నడిచింది. ఆ రూలు 1938 చట్టంతో వచ్చింది. పాత కథ అనుకోకండి. 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిన భారతీయ సిరప్‌లలో ఉన్నవి ఈ రెండు గ్లైకాల్‌లే.

మరి కూలెంట్‌ని చేదుగా చేయొచ్చుగా? చేయొచ్చు. అందుకు పనికొచ్చే డినటోనియం 1958 నుంచీ ఉంది. అది కలపాలని ఆరిగన్ రాష్ట్రం 1991లోనే చట్టం చేసింది. దేశమంతా కలుపుతామని తయారీదారులు ఒప్పుకున్నది మాత్రం 2012లో. అంచేత పాత బండిలోంచి వచ్చినదాంట్లో చేదు ఉందో లేదో మీ అంతట మీరు తేల్చుకోలేరు.

హైబ్రిడ్ దగ్గరికొద్దాం. నాది రెండో తరం ప్రియస్, సెకండ్ హాండ్. ఇంజన్‌కి ఒక కూలెంట్ దారి, ఇన్వర్టర్‌కి ఇంకోటి. రెండూ ఇంట్లోనే మార్చాను. అమెరికాలో అమ్మిన ఈ తరం బండ్లలో ఓ థర్మాస్ కూడా ఉంటుంది. వేడి కూలెంట్‌ని మూడు రోజుల దాకా దాచిపెట్టి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌కి ఇస్తుంది. పొగ కాలుష్యం తగ్గించే ఉపాయం. కానీ ఇంజన్ చల్లగా ఉంది కదా అని విప్పితే చేతులు కాలతాయి. ముందు ఆ థర్మాస్ పంపు కనెక్టర్ తీసెయ్యాలి. తాళంచెవి దూరంగా పెట్టాలి, ఎందుకంటే ‘రెడీ’లో ఉన్న హైబ్రిడ్‌లో ఇంజన్ తనంతట తనే స్టార్ట్ అవుతుంది.

ఇవన్నీ వీడియోల్లో చూపిస్తారు. పళ్ళెంలో మిగిలిన గులాబీ రంగు ద్రవం సంగతి మాత్రం చాలాసార్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చూడ్డానికి అచ్చం షర్బత్‌లా ఉంటుంది. మన ఇళ్ళల్లో కిరోసిన్, ఫినాయిల్ లాంటివి ఖాళీ కూల్ డ్రింక్ సీసాల్లో పోసే అలవాటు ఉంది కదా, ఆ అలవాటు గరాజ్‌లోకి రానివ్వకండి. ఊర్నించి వచ్చిన తాతగారికో, పక్కింటి పిల్లాడికో సీసా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? కొత్త కూలెంట్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, పేరు రాసి, కౌంటీ వాళ్ళు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి. వీధి కాలువలో పొయ్యద్దు. కిందపడ్డ చుక్కల్ని కుక్కలు నాకకముందే తుడిచెయ్యండి.

ఎవరైనా తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకండి. విరుగుడు మందుంది. ఫోమెపిజోల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1997లో, జపాన్‌లో మొదటి ప్రియస్ అమ్మకానికొచ్చిన ఏడాదే. ఎంత తొందరగా పడితే అంత మేలు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. రెంచీల పెట్టె మూత మీద రాసిపెట్టుకోండి.