నడగాము రాగిరేకుల నుండి కంప్యూటరు వరకు: ఆధారసూచనల చరిత్ర

పరిశోధన వ్యాసము చివర చిన్న అక్షరములలో ఒక పట్టిక ఉంటుంది. వ్యాసములోని విషయములను మొదట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పారో అది తెలుపుతుంది. వీటినే ఆధారసూచనలు అంటారు. చాలమంది విద్యార్థులు ఆ పుటను చూడకుండానే పుస్తకము మూసివేస్తారు. కాని ఆ పుట లేకపోతే వ్యాసములోని మాట నిజమో కాదో పరీక్షించుటకు దారి ఉండదు. ఈనాడు ఆ పట్టికను కంప్యూటరు క్షణములో కూర్చి ఇస్తుంది. ఈ పని మనుష్యుల చేతిలో ఉన్నప్పుడు ఎట్లు జరిగేదో, యంత్రమునకు ఎట్లు అలవడినదో, అందులో ఏ భాగము నేటికీ యంత్రమునకు అందలేదో తెలుసుకొనుట అవసరము.

శ్రీకాకుళము జిల్లాలో వంశధార ఒడ్డున ముఖలింగ క్షేత్రమున్నది. దానికి సమీపమున పర్వతాలపేటలో 1863లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జన్మించారు. విజయనగరములో మహారాజావారి పాఠశాలలో చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. శాసనములు చదువుట వారికెవరూ నేర్పలేదు. పాత లిపులను స్వయముగా నేర్చుకొని ముఖలింగము గుడిగోడల మీది శాసనములను చదివారు.

తూర్పు గాంగరాజుల రాగిరేకులలో కళింగనగరమనే రాజధాని పేరు కనిపిస్తుంది. ఆ నగరమెక్కడిది? సముద్రతీరమందలి కళింగపట్నమే అది అని కొందరు పండితుల ఊహ. కాదు, ముఖలింగమే అని పంతులుగారి నిర్ణయము. గాంగరాజు వజ్రహస్తుని నడగాము శాసనమును కూడ వారే పరిష్కరించారు. అది శకవర్షము 979 నాటిది, అనగా సుమారు క్రీ.శ. 1057. ఆ వ్యాసము ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అనే పత్రిక నాల్గవ సంపుటములో (1896–97) 183వ పుట నుండి అచ్చయినది. ఒక పాఠశాల ఉపాధ్యాయుని మాటకు పండితలోకములో విలువ వచ్చినది పదవి వలన కాదు. ఆ సంపుటము తెరచి శాసనపాఠమును ఎవరైనా సరిచూచుకొనవచ్చును. ఆ మాటకు బలము అక్కడ నుండి వచ్చినది.

పైన చెప్పిన వివరములను విడదీసి చూడండి. రచయిత పేరు, వ్యాసము పేరు, పత్రిక పేరు, సంపుటము, సంవత్సరము, పుట. ఈ ఆరు అంశములు సరిగా ఉన్నచో ప్రపంచములో ఏ గ్రంథాలయములోనైనా ఆ వ్యాసమును వెదకి పట్టుకొనవచ్చును. చిక్కంతా వీటిని వ్రాసే పద్ధతిలో ఉన్నది. ఒక పత్రిక రచయిత ఇంటిపేరు ముందుండాలంటుంది. ఇంకొకటి సంవత్సరము ముందుండాలంటుంది. మరియొకటి వరుస అంకెలు వేయమంటుంది. వంద సూచనలున్న వ్యాసములో మూడవ చోట కొత్తది ఒకటి చేర్చితే, తక్కిన అంకెలన్నీ మార్చవలసినదే. అందుచేత పూర్వపు పరిశోధకులు ఒక్కొక్క ఆధారమును ఒక్కొక్క అట్టముక్క మీద వ్రాసుకొని, వరుసగా పెట్టెలో అమర్చుకొనేవారు. తిరిగి తిరిగి ఎత్తి వ్రాయుటలో 183 కాస్తా 138 అయ్యే ప్రమాదముండేది.

అచ్చుకూర్పు మరొక కష్టము. పంతులుగారు సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకొని, దాని వివరణ గ్రంథమును ఇంగ్లీషులో వ్రాయగా 1931లో మద్రాసులో అచ్చయినది. ఆ గ్రంథము పేరులోనే ‘సొర’ అన్న మాటలో అచ్చులు దీర్ఘములని తెలుపుటకు అక్షరము ప్రక్క రెండు చుక్కలు పెట్టారు. సీసపు అక్షరములతో కూర్చే ఆ రోజులలో కొత్త గుర్తు కావలెనంటే కొత్త అచ్చు పోత పోయవలసివచ్చేది.

గణితగ్రంథములకు గుర్తుల బాధ ఇంకా ఎక్కువ. అమెరికాలో డొనాల్డ్ నూత్ అనే ఆచార్యుడు 1977లో తన గ్రంథపు ప్రూఫులు చూచి, ఆ అచ్చు వికారముగా ఉన్నదని అసంతృప్తి చెంది, తానే ‘టెక్’ అనే సాఫ్ట్‌వేరును నిర్మించాడు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ ‘లాటెక్’ను కట్టాడు. ఇది శీర్షిక, ఇది ప్రకరణము అని రచయిత చెప్పితే చాలును. ఎంత అక్షరములో, ఎంత ఎడముతో అచ్చు వేయాలో యంత్రమే చూచుకొంటుంది. 1985లో ఓరెన్ పటాష్నిక్ నిర్మించిన ‘బిబ్‌టెక్’ ఈ సూత్రమునే ఆధారసూచనలకు వర్తింపజేసినది.

నడగాము వ్యాసమునే ఉదాహరణగా తీసికొందాము. దాని ఆరు అంశములను ఒక్కసారి నమోదు చేసి ‘నడగాము’ అని గుర్తుపేరు పెట్టాలి. వ్యాసములో కావలసిన చోట ఆ గుర్తుపేరు వ్రాస్తే చాలు. అంకె వేయుట, పట్టిక కూర్చుట, పత్రిక కోరిన పద్ధతికి మార్చుట యంత్రము పని. ఆ పెట్టెలోని అట్టముక్కలే కంప్యూటరులోకి వచ్చాయన్నమాట. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయము విడుదల చేసిన ‘జొటెరో’ ఇటువంటిదే. దానిని ఉచితముగా వాడుకొనవచ్చును.

లిపుల చిక్కు కూడ క్రమముగా విడిపోయినది. 1991లో యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగు అక్షరములకు స్థానము దొరికినది. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు కల్పించిన లిపి 2012లో అందులో చేరినది.

అయితే యంత్రమునకు తెలియనిది ఒకటున్నది. 183వ పుటలో ఆ విషయము నిజముగా ఉన్నదా అన్నది దానికి తెలియదు. తప్పు నమోదు చేస్తే ఆ తప్పునే ముచ్చటగా అచ్చు వేస్తుంది. ప్రశ్నలకు జవాబులల్లే కృత్రిమమేధ యంత్రములు ఇంకొక అడుగు ముందుకు వేసి, లేని వ్యాసములకు కూడ పేరు, సంవత్సరము కల్పించగలవు. 2023లో న్యూయార్కులో కొందరు న్యాయవాదులు అటువంటి యంత్రము కల్పించిన తీర్పులను ఉదహరించి కోర్టులో దాఖలు చేయగా, న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించాడు. ఆ కాగితములలో సూచనల రూపము సరిగానే ఉన్నది. వెనుక తీర్పులే లేవు.

కనుక పాఠశాలలో సైన్సు ప్రాజెక్టు వ్రాసే విద్యార్థికి మొదట నేర్పవలసినది సాఫ్ట్‌వేరు కాదు. ఏ పుస్తకము నుండి ఏ మాట తీసికొన్నా, ఆ పుస్తకము ఎదుట ఉండగానే పేరు, సంవత్సరము, పుట నోటుబుక్కులో వ్రాసుకొనే అలవాటు నేర్పాలి. తాను తెరచి చదవని పుటను ఆధారముగా చూపకూడదనే నియమము నేర్పాలి. ఈ రెండూ అలవడిన విద్యార్థికి సాఫ్ట్‌వేరు మంచి పనివాడుగా ఉపయోగపడుతుంది.