మచిలీబందరు: రేవు, దాని చుట్టూ పొలం

మన విశాఖపట్నం పిల్లలకు రేవు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. దర్గా కొండ మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ వారి దర్గా వద్ద నిలుచుంటే ఓడలు వచ్చేదీ పోయేదీ కంటికి కనబడుతూనే ఉంటుంది. మన సొసైటీ సభ్యుల ఇళ్ళలో ఎన్నో పోర్టు జీతం మీదనో, ఉక్కు కర్మాగారం జీతం మీదనో నడుస్తున్నవే. కాని ఈ హార్బరు వయస్సెంత అని క్లాసులో అడిగితే పిల్లలు వెయ్యేళ్ళంటారు. లోపలి హార్బరు ప్రారంభమైనది 1933 డిసెంబరులో. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు తెలుగుదేశపు పెద్ద రేవు మనది కాదు. మచిలీపట్నం. చరిత్ర అనగానే గోలకొండ కోట, చార్మినార్ అని ఆగిపోయే మన పిల్లలకు, ఆ గోలకొండకు సముద్రపు వాకిలి ఎక్కడ ఉండేదో తెలియదు. సంక్రాంతి సెలవులలో రెండు రోజులు అక్కడ గడిపి చూచినదీ, చదివినదీ కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

తెలుగువారు ఆ ఊరిని బందరు అంటారు. బందర్ అనేది ఫార్సీ మాట, రేవు అని అర్థం. అంటే ఆ ఊరి పేరే రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉన్నట్లే ఇక్కడ మచిలీబందర్. కాని ఫార్సీ మాట రాకముందే ఈ తీరానికి పేరున్నది. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు రేవుల నుండి వ్యాపారం చేసే ఒక గ్రీకు నావికుడు ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం రేవుల గురించి ఒక గ్రంథం వ్రాశాడు. ఆయన పేరు మనకు దక్కలేదు, గ్రంథం దక్కింది. అందులో మసాలియా అనే తీరదేశంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని ఉన్నది. తర్వాతి శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరపు టాలమీ దీనినే మైసోలియా అన్నాడు. మధ్యధరా సముద్రపు ఒడ్డున కూర్చున్న పండితుడు కృష్ణా నది ముఖద్వారాన్ని తన లెక్కలో గుర్తుపెట్టుకున్నాడంటే దానికి కారణం రాజులు కాదు, బట్ట.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు దశ తిరిగింది. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు కొఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషువారు గ్లోబ్ అనే ఓడలో వచ్చి దిగారు. 1632లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా వారికిచ్చిన ఫర్మానాను వాళ్ళు బంగారు ఫర్మానా అని గొప్పగా చెప్పుకున్నారు. 1669లో ఫ్రెంచివారు చేరారు. అంతకంటే ముందునుంచే ఇరానీ వర్తకులు, అరబ్బులు, తెలుగు కోమట్లు ఇక్కడ స్థిరపడి వ్యాపారం చేస్తున్నారు. 1652లో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయటానికి ఇంత మంచి చోటు ఇంకొకటి లేదనీ, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హుర్ముజ్ లకు ఓడలు బయలుదేరేది ఇక్కడి నుండేననీ వ్రాశాడు. ఆ రోజుల్లో దక్కన్ హాజీలలో ఎందరో ఈ రేవులోనే ఓడ ఎక్కారు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుండి వచ్చిన మీర్ జుమ్లా ఒకప్పుడు ఈ బందరు హవల్దారు. తర్వాత గోలకొండ వజీరైనాడు, ఆ తర్వాత మొగలుల తరపున బెంగాల్ సుబేదారైనాడు.

ఇదంతా చదివి గర్వపడటం సహజమే. కాని సగం చెప్పి సగం దాచటం చరిత్ర కాదు. 1618 నుండి కొన్నేళ్ళు ఇక్కడ ఉన్న మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోలకొండ పాలన ఎట్లా నడిచేదో వ్రాశాడు. శిస్తు వసూలు హక్కును వేలం వేసేవారు. ఎక్కువ పాడినవానికి పరగణా. వాడు పాడిన సొమ్ము రైతు దగ్గర, సాలెవాని దగ్గర పిండుకునేవాడు. సుల్తాను మనవాడు కదా అని ఈ సంగతి మరుగుపరిస్తే ఆ రైతుకూ ఆ సాలెకూ అన్యాయం చేసినట్లే.

ఎందుకంటే రేవు గొప్పతనం ఒడ్డున పుట్టలేదు, వెనుకనున్న పొలంలో పుట్టింది. ఓడలు మోసుకుపోయిన కలంకారీ అద్దకానికి ఎరుపు ఇచ్చినది చిరివేరు అనే చిన్న మొక్క వేరు. సముద్రపు దాపున గవ్వ సున్నం కలిసిన ఇసుక నేలలో పెరిగిన చిరివేరుకు రంగు ఎక్కువ. నిజాంపట్నం ప్రాంతపు వేరును డచ్చివారు ఏరి కోరి కొనేవారు. పత్తి మెట్ట పొలాల నుండి వచ్చేది. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టాలి. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి నలుపు తయారుచేయాలి. పటిక పట్టిన చోటనే ఎరుపు నిలుస్తుంది. ఆ తర్వాత పారే నీళ్ళలో ఉతకాలి, నిలువ నీరు పనికిరాదు. వేరు, కాయ, బెల్లం, పాలు, కాలువ నీరు: ఇందులో ఒక్కటైనా సముద్రం నుండి వచ్చినది కాదు. ఇరానీ వర్తకులు నమూనాలు ఇస్తే ఇక్కడి తెలుగు పనివారు మెహ్రాబ్ బొమ్మతో జానమాజులు అద్ది పంపారు. ఎవరి నమాజు కోసమో ఎవరి చేతులో కష్టపడ్డాయి.

ఇక్కడ ఒక మాట. పత్తిని ఏకి దూది చేయనిదే నూలు లేదు, నూలు లేనిదే బట్ట లేదు. ఆ పని తరతరాలుగా చేసినవారు మన దూదేకుల, నూర్‌బాషా సోదరులు. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని వారిని తక్కువగా చూచే అలవాటు మనలో కొందరికి ఇప్పటికీ ఉన్నది. నేను ఉర్దూ మీడియం మాస్టరునే, ఉర్దూ మీద ప్రేమ లేకపోతే ఈ ఉద్యోగం చేయలేను. అయినా బందరు చరిత్రలో ఫర్మానా వ్రాసిన కలానికి ఎంత చోటున్నదో, దూదిని కొట్టిన వింటికీ అంత చోటు ఉన్నదని నా అభిప్రాయం. కిట్టనివారు కోపగించుకోవచ్చు.

విజయవాడ నుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. చాలా దూరం రోడ్డు పక్కనే బందరు కాలువ. ఉయ్యూరు వద్ద చెరుకు, పామర్రు దాటితే కనుచూపు మేర వరి. కొంచెం పక్కకు పోతే కూచిపూడి. ఆ నాట్యాన్ని చూచి ఆనందించి అబుల్ హసన్ తానాషా ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని అక్కడివారు చెప్పుకుంటారు. మేము వెళ్ళిన రోజులకు కోతలు అయిపోయి వరి కుప్పలు నిలిచాయి. మోళ్ళ మధ్య ఆకుపచ్చగా ఏదో మొలిచి ఉంటే మా చిన్నవాడు కలుపు అనుకున్నాడు. అది మినుము. వరి కోతకు కొన్ని రోజుల ముందే, నిలబడి ఉన్న చేలో తడి నేల మీద మినుములు చల్లుతారట. దుక్కి లేదు, వేరే తడి లేదు. వరి తాగి మిగిల్చిన తేమతోనే పంట వస్తుంది. ఇంత పొదుపు మన జీతగాళ్ళకు ఎక్కడిది!

ఆ మాటా ఈ మాటా చెప్పిన పెద్దరైతు ఒకాయన, “మాది ఖరీఫ్‌లో వరి, రబీలో మినుము మాస్టారూ, మూడో పంట ఆశ లేదు” అన్నాడు. నాకు ఆగలేదు. “అయ్యా, మీరిప్పుడు మూడు అరబీ మాటలు వాడారు” అన్నాను. ఖరీఫ్ అంటే శరత్కాలం, రబీ అంటే వసంతం. మరి మూడోది ఏదన్నాడు. “మీరే, రైతు!” అన్నాను. అరబీ రఅయ్యత్ ఉర్దూలో రైయత్ అయి తెలుగులో రైతు అయింది. ఆయన నవ్వి, “మాట ఎవరిదైతే ఏముందిలెండి సాయిబు గారూ, అప్పు మాత్రం మాదే” అన్నాడు. రెవిన్యూ లెక్కల పసలీ కూడా ఫసల్, అంటే పంట అనే మాట నుండి పుట్టినదే. ఇట్లాంటిదే సముద్రాలకు ఆవల స్పెయిన్ దేశంలో, మధ్యధరా తీరాన వలెన్సియా నగరంలో ఉన్నది. దాని చుట్టూ ఉన్న తోటభూములకు నీరిచ్చే కాలువలను పెంపుచేసినవారు అరబ్బులు. అక్కడి రైతులు ఇప్పటికీ కాలువను అసేకియా అంటారు, అది అరబీ సాఖియా. నీటి తగాదాలు తీర్చే రైతుల పంచాయతీ ఈనాటికీ ప్రతి గురువారం పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుంటుంది. 2009లో యునెస్కో దానికి గుర్తింపు ఇచ్చింది.

అటువంటి పంచాయతీ ఇక్కడా ఉంటే బాగుండుననిపించింది, శివారు భూముల సంగతి విన్న తర్వాత. కాలువ మొదట్లో ఉన్నవానికి నీళ్ళు సమృద్ధి. బందరు దగ్గర శివారువానికి వంతు వచ్చేసరికి నాట్ల అదను దాటుతుంది. మంచినీరు ఒత్తిడి తగ్గితే అడుగునుండి ఉప్పు పైకెక్కుతుంది. దానికి తోడు రొయ్యల చెరువులు. పక్కవాడు ఉప్పునీటి చెరువు తవ్వితే గట్టు ఇవతలి వరిచేను చౌడైపోతుంది. రొయ్యలు మన విశాఖ మీదుగా కూడా విదేశాలకు పోతున్నవి, డాలర్లు వస్తున్నవి, నిజమే.

రేవు ఎట్లా పోయిందన్నది అసలు సంగతి. యుద్ధాలు కొంత కారణం. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనాక రేవుకు దిక్కైన దర్బారు పోయింది. 1758లో కర్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని కలకత్తా నుండి ఓడల్లో వచ్చి దిగినది మన విశాఖపట్నంలోనే. ఇక్కడి నుండి దండు నడుపుకుంటూ పోయి 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలోని బందరు కోటను పట్టుకున్నాడు. తర్వాత మాంచెస్టరు మిల్లు బట్ట వచ్చి మగ్గాన్ని కొట్టింది. 1869లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు చిరివేరు ఎరుపును ప్రయోగశాలలో తయారుచేయటంతో ఆ వేరు తవ్వేవారికి పని లేకపోయింది. కాని వీటన్నిటికంటె ఓపికగా పనిచేసినది కృష్ణమ్మ. ఏటేటా తెచ్చిన ఒండ్రు తీరంలో మేట వేసింది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ళ దూరాన ఆగేవి, సరుకంతా పడవల మీద దాటించాలి. ఏ ఒండ్రు పొలాన్ని చేసిందో ఆ ఒండ్రే రేవును పూడ్చింది. దర్గా కొండ నుండి సముద్రం చూచే అలవాటున్న మనకు బందరు ఊళ్ళో నిలబడి సముద్రం ఎటువైపు అని అడగవలసి రావటం వింతగా ఉంటుంది.

పొలానికి మాత్రం సుఖం వెంటనే రాలేదు. 1832-33 లో గుంటూరు, బందరు సీమలను కాల్చిన కరువును ఇప్పటికీ డొక్కల కరువు అంటారు. మనుషుల డొక్కలు లోపలికి పోయిన కరువన్నమాట. ఆ చావులు చూచిన తర్వాత గాని దొరలకు నీటి సంగతి తోచలేదు. కాటన్ దొర పట్టుదల వల్ల, ఓర్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1852-55 మధ్య బెజవాడ వద్ద ఆనకట్ట వేశారు. 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజి పూర్తయింది. నేడు కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతున్నవి. అంటే రేవు వైభవంగా ఉన్న రోజుల్లో పొలం వాన మీద ఆధారపడి అల్లాడింది, పొలానికి నీళ్ళు వచ్చేనాటికి రేవు చచ్చిపోతున్నది. రెండూ ఒకేసారి బాగున్న కాలం బందరు ఎన్నడూ చూడలేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం తానే ఊళ్ళోకి వచ్చింది. ఆ ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. హిందువు, ముస్లిము, దొర అన్న తేడా నీటికి లేదు. పొలాల మీద నిలిచిన ఉప్పును కడగటానికి మళ్ళీ కాలువ నీరే దిక్కయింది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది మన పెద్దలకు జ్ఞాపకమే, అప్పుడు పోయిన ప్రాణాలు పది వేలకు పైమాటే. 1908లో బెజవాడ నుండి రైలు వచ్చింది గాని అప్పటికి ఎక్కించటానికి ఓడ సరుకు లేదు. పాతిక సంవత్సరాలకు విశాఖ హార్బరు తెరిచారు.

ఊళ్ళో పేటల పేర్లు ఇప్పటికీ పాత కథ చెప్తాయి. ఇంగ్లీషుపాలెం సంగతి తెలిసిందే. వలందపాలెం అంటే హాలండువారిది. పరాసుపేట అంటే ఫ్రాన్సువారిది. డచ్చివారి సమాధుల దొడ్డిలో చెక్కిన రాళ్ళు, వారి వంశ చిహ్నాలు ఉన్నవి. ఇంత దూరం వచ్చి ఇక్కడ మట్టిలో కలిసిన వర్తకుల కోసం ఎవరైనా నిమిషం నిలబడవచ్చు. బందరుకోటలో మిగిలినవి శిథిలమైన గోడలే. కొత్త పోర్టు పనులు 2023లో ప్రారంభమైనవి. లోతు కోసం తవ్వవలసినది మళ్ళీ ఆ ఒండ్రునే.

సొసైటీ సభ్యులు పిల్లలతో వెళ్ళదలిస్తే విశాఖ నుండి రైలులో విజయవాడ చేరి బస్సు పట్టుకోవటం సులభం. బందరు లడ్డు, నల్ల హల్వా రెండూ కొనండి. హల్వా అనే మాట ఎక్కడిదో పిల్లలను అడగండి. మంగినపూడి సముద్రతీరం పన్నెండు కిలోమీటర్ల లోపే. కలంకారీ చూడాలంటే పది కిలోమీటర్ల దూరంలోని పెదనకు పోవాలి. టేకు అచ్చులు పట్టుకొని పనివారు బల్లల ముందు నిలుచునే ఉంటారు. సెలవు రోజున కాక పని రోజున వెళ్ళండి, అచ్చు మీద పడే గుద్దు చప్పుడు అప్పుడే వినబడుతుంది.