క్యాన్సర్ కోసం పరిశోధించిన మందే కరోనాకూ.. ఏంటీ 2-డీజీ? విశాఖకు లింకేంటి?

విశాఖపట్నం: 2021 ఏప్రిల్ 22.. విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో 7 ట్యాంకర్లకు లిక్విడ్ ఆక్సిజన్ నింపుకుని దేశంలోనే తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. దేశమంతా ఆక్సిజన్ కోసం పరుగులు తీస్తున్న రోజులవి. సరిగ్గా అప్పుడే ఆక్సిజన్ అవసరాన్ని తగ్గిస్తుందంటూ ఓ పొడి మందు తెరపైకి వచ్చింది. అదే 2-డీజీ.

ఎలా పనిచేస్తుంది?
ఇది గ్లూకోజ్‌ను పోలిన పదార్థం. క్యాన్సర్ కణాలకు గ్లూకోజ్ ఆకలి ఎక్కువ. చక్కెరే అనుకుని 2-డీజీని లాగేసుకుంటాయి. కానీ దాన్నుంచి శక్తి రాదు. మెదడు ట్యూమర్లకు రేడియేషన్‌తో పాటు దీన్ని వాడి చూసేందుకు డీఆర్‌డీవో ల్యాబ్ ఇన్‌మాస్ ఏళ్ల తరబడి పరిశోధించింది. వైరస్ సోకిన కణమూ ఇలాగే గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకుంటుంది. దాంతో 2020 ఏప్రిల్‌లో హైదరాబాద్ సీసీఎంబీలో కరోనాపై ప్రయోగాలు మొదలయ్యాయి.

ట్రయల్స్‌లో ఏం తేలింది?
డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి చేసిన మూడో దశలో 220 మంది పాల్గొన్నారు. ఏపీ, తెలంగాణ ఆసుపత్రులూ ఇందులో ఉన్నాయి. మూడో రోజుకల్లా ఆక్సిజన్ అవసరం తప్పినవాళ్లు 2-డీజీ తీసుకున్నవారిలో 42 శాతం, మామూలు చికిత్సలో 31 శాతం. 2021 మే నెలలో అత్యవసర వాడకానికి డీసీజీఐ అనుమతి ఇచ్చింది. 2021లో సాచెట్ ధర రూ.990గా ఉండేది. ఆ ఏడాదే విశాఖ దగ్గర పరవాడ, అచ్యుతాపురంలో ప్లాంట్లున్న లారస్ ల్యాబ్స్‌కూ తయారీ లైసెన్స్ దక్కింది.

మరి ఎందుకు నిలవలేదు?
220 మందితో చేసిన ట్రయల్ చిన్నదని నిపుణులు ప్రశ్నించారు. జాతీయ చికిత్సా మార్గదర్శకాల్లో ఈ మందుకు చోటు దొరకలేదు.

పాత మందుకు కొత్త పని.. కొత్తేం కాదు
1964లో క్యాన్సర్ కోసం తయారైన జిడోవుడిన్ అక్కడ ఫలితమివ్వక మూలన పడింది. 1987లో అదే హెచ్ఐవీకి అమెరికాలో ఆమోదం పొందిన తొలి మందైంది. పాత మందైతే దాని గురించి ముందే కొంత తెలిసి ఉంటుంది కాబట్టి సమయం కలిసొస్తుంది. కానీ కొత్త జబ్బుకు పనిచేస్తుందని మళ్లీ నిరూపించాల్సిందే.

ఇవి మర్చిపోవద్దు
* 2-డీజీకి అనుమతి ఆసుపత్రిలో డాక్టర్ పర్యవేక్షణలో, మిగతా చికిత్సకు తోడుగా మాత్రమే.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు వారికి ఇవ్వొద్దని డీఆర్‌డీవో చెప్పింది.
* అదుపులో లేని షుగర్, తీవ్రమైన గుండె, కాలేయ, కిడ్నీ సమస్యలుంటే జాగ్రత్త తప్పనిసరి.
* ‘క్యాన్సర్ మందు వైరల్ జ్వరానికీ పనిచేస్తుందట’ అని వాట్సాప్‌లో వస్తే మెడికల్ షాపుకు పరిగెత్తకండి. ముందు డాక్టర్‌ను అడగండి.