ఒక్క పూట రాణీవాసం

పోయిన నెల మా పాప బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. అప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. "అమ్మా, నీకు యాభై నిండుతున్నాయి కదా. నిన్నూ నాన్ననూ ఒక రాత్రి ఫలక్‌నుమాలో ఉంచుతా" అంది.

"రైల్లో ఎందుకే?" అన్నాను. నాకు తెలిసిన ఫలక్‌నుమా అదే మరి!

పాప పడీ పడీ నవ్వి, ఫోటోలు పంపింది. పాలరాతి మెట్లు, దీపాల గుత్తులు, రాజుల కాలం మంచాలు. ఒక రాత్రికి ఎంతో చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాలరాయి గురించి కాదు. "పొద్దున కాఫీ గదికే తెచ్చిస్తారమ్మా" అని పాప అన్న ఒక్క మాట గురించి.

పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. జ్వరం వచ్చిన రోజుల్ని తీసేస్తే, పొద్దున్నే నా చేతికి ఎవరైనా కాఫీ ఇచ్చిన రోజుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మీలో చాలామందికీ అంతే అనుకుంటా.

మాది నంబులపూలకుంట. సోలార్ పలకలు వచ్చాక పేపర్లలో పేరు కనిపిస్తోంది గానీ, అంతకుముందు మా మండలం పేరు బయటికి తెలిసింది గూటిబయలు దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను వల్లనే. దాదాపు 5 ఎకరాల్లో ఊడలు దించుకుని నిలబడిన చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1434లో భర్తతో పాటు చితి ఎక్కిన తిమ్మమ్మ పేరు దానిది. ఆ చితికి నాటిన గుంజే చిగురించి ఇంత మానయిందని మా పెద్దోళ్ళు చెబుతారు. చెట్టు కిందికి వెళ్తే చల్లగా ఉంటుంది. ఆ కథ గుర్తొస్తే మాత్రం మనసు చల్లగా ఉండదు.

చెట్టు చూడటానికి వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే హోటల్. మర్రిమాను కింద వాళ్ళు సేద తీరుతుంటే నేను ఇంట్లో చెనిక్కాయల ఊరిబిండి నూరుతుంటాను.

అందుకే ఆ రాత్రి నుంచి ఒక పిచ్చి పట్టింది. మనుషులు సుఖంగా ఉండటానికి ఇల్లు విడిచి పోయే చోట్లు ఎప్పటినుంచి ఉన్నాయి? అక్కడ సుఖపడింది ఎవరు, పొయ్యి రాజేసింది ఎవరు? మధ్యాహ్నాలు పని అయ్యాక చదువుతూ వచ్చాను.

దూరం పోనక్కర్లేదు, మన పెనుకొండలోనే గగన్ మహల్ ఉంది. పిల్లలు చిన్నప్పుడు లేపాక్షి పోతూ చూపించాం. విజయనగర రాజులకు వేసవి విడిది అది. 1565లో రక్కసితంగడి యుద్ధంలో ఓడి హంపీ పాడయ్యాక, తిరుమలరాయలు పెనుకొండనే రాజధాని చేసుకున్నాడు. అంటే, సుఖం కోసం కట్టుకున్న ఊరే కష్టంలో దిక్కయిందన్నమాట. తర్వాత అక్కడినుంచి రాజధాని చంద్రగిరికి పోయింది.

తెల్లదొరలకు మన ఎండలు ఇంకా కష్టం. అప్పుడు మదనపల్లె వైపంతా కడప జిల్లానే. ఆ జిల్లా కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గర ఒక కొండమీద వేసవికి ఇల్లు కట్టుకున్నాడు. నాలుగు వేల అడుగులకు పైనే ఎత్తు. అంతకుముందు దాని పేరు ఏనుగుమల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయనీ, ఆమె కొండమీది వాళ్ళ జబ్బులు నయం చేసేదనీ కథ. ఆమె గుడి ఇప్పటికీ ఉంది. ఊరందరి జబ్బులు నయం చేసిన ఆడపిల్లకు గుడి మిగిలింది, విశ్రాంతికి వచ్చిన దొరకు కొండ పేరే దక్కింది.

ఆ కొండ కిందే మదనపల్లె. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ దక్షిణదేశం తిరిగి తిరిగి అలసి, అక్కడి కాలేజీలో కజిన్స్ దంపతుల దగ్గర కొన్నాళ్ళు ఆగాడు. జనగణమనకు ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశాడు. ఇప్పుడు మనం పాడే వరసను స్వరాల్లో పెట్టడంలో ఆ ఇంటి ఇల్లాలు మార్గరెట్ కజిన్స్ చెయ్యి ఉంది. మంచి విడిది దొరికితే మనిషి ఎంత పని చెయ్యగలడో చూడండి.

ఇక పాప చెప్పిన ఫలక్‌నుమా. ఫలక్ అంటే ఆకాశమట. గగన్ అన్నా అదే! పెనుకొండ రాజులకీ హైదరాబాద్ నవాబులకీ ఒకే కోరిక అన్నమాట, నేలమీద అందరితో కాకుండా కాస్త పైన ఉండాలని. 1884లో పైగా వంశపు వికారుల్ ఉమ్రా దాన్ని మొదలుపెట్టాడు. కట్టేసరికి అప్పుల్లో పడ్డాడు. "నిజాంను అతిథిగా పిలవండి" అని ఉపాయం చెప్పింది ఆయన భార్యేనని ఒక కథ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వచ్చాడు, మెచ్చాడు, తనే తీసుకున్నాడు. ఇంట్లో అప్పు తీర్చే దారి వెతికేది ఎప్పుడైనా ఎవరో మీకు నేను చెప్పాలా?

తర్వాత అది నిజాం అతిథుల విడిది అయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక చాలా ఏళ్ళు తలుపులు మూసే ఉన్నాయి. యువరాణి ఎస్రా పూనుకుని బాగు చేయించాక, 2010లో తాజ్ వాళ్ళ హోటల్‌గా తెరిచారు. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు మోదీ విందు ఇచ్చింది అక్కడే. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. అది చూసినవాళ్ళంతా బల్ల పొడవు చెబుతారు. నాకు మాత్రం ఆ 101 మంది తిన్న పళ్ళేలు ఎవరు తోమారో అనిపించింది.

ప్యారిస్‌లో 1898లో సీజర్ రిట్జ్ తెరిచిన హోటలైనా, బొంబాయిలో 1903లో జంషెడ్జీ టాటా తెరిచిన తాజ్ అయినా అమ్మింది ఇదే. అంతవరకు రాజుల ఇళ్ళలో మాత్రమే దొరికే సేవను, డబ్బున్న ఎవరైనా ఒక రాత్రికి కొనుక్కోవచ్చు.

మరి డబ్బు లేని బాటసారి? వాళ్ళకు సత్రాలు. మాకు దగ్గర్లోనే, గుర్రంకొండ పక్క తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని తిరుమల చేరింది. కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నం పెట్టింది. ఇప్పుడు కొండమీద వేలమంది రోజూ తినే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకు వండి పెట్టింది. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టారు.

సీతమ్మ గురించి ఒక సంగతి చెబుతారు. ఒకసారి అంతర్వేది దర్శనానికి బయల్దేరిందట. దారిలో కొందరు ఆకలితో, "ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అనుకుంటుంటే విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగిపోయిందట.

చిన్నప్పుడు ఈ కథ వింటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించేది. ఇప్పుడూ పెడతాను. కానీ యాభై ఏళ్ళు వచ్చాక ఇంకో మాట అడగాలనిపిస్తోంది. ఆ ఒక్క రోజు, "నువ్వు పోయిరామ్మా, పొయ్యి మేము చూసుకుంటాం" అని ఎవరూ అనలేదా?

మా అమ్మ గుర్తొచ్చింది. డెబ్భై నాలుగేళ్ళు. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప ఊరు దాటలేదు. పోయినచోటా వంటింట్లోనే కూర్చునేది. అలసిపోయిందని కూర్చోబెడితే తప్పు చేసినట్టు లేచేది.

పాపకు ఫోన్ చేశాను. "ఫలక్‌నుమా వద్దు. ఆ డబ్బులో నాలుగో వంతు చాలు. అవ్వను తీసుకుని హార్స్‌లీ కొండకు పోదాం" అన్నాను. మా ఆయన, "మరి ఇక్కడ నా అన్నం?" అన్నారు. "కుక్కర్ మీకు తెలియనిదేం కాదు" అన్నాను. ఆయనా నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వెనక్కి మాత్రం తిరగలేదు.

ములకలచెరువు, బి.కొత్తకోట మీదుగా కొండ ఎక్కాం. రెండు రాత్రులు. గది మామూలుదే, చల్లగాలి మాత్రం దొరలదే.

మొదటి రోజు తెల్లవారకముందే మెలకువ వచ్చి చూస్తే అమ్మ మంచం మీద లేదు. గదంతా తిరుగుతోంది. "ఏం వెతుకుతున్నావమ్మా?" అంటే, "పొయ్యి ఎక్కడుందే?" అంది. "లేదమ్మా, ఇక్కడ మనకు పొయ్యి లేదు" అన్నాను. కాసేపు నిలబడి, ఏం చెయ్యాలో తెలియక కిటికీ దగ్గర కూర్చుంది.

వెలుతురు వచ్చాక ఒక అబ్బాయి కాఫీ తెచ్చాడు. అమ్మ రెండు చేతులతో గ్లాసు అందుకుని, అతని ముఖం చూసి అడిగింది: "నువ్వు తాగినావా నాయనా?"

తాగలేదన్నాడు. అమ్మ పక్కనున్న ఖాళీ గ్లాసులో సగం పోసి ఇచ్చింది.

రెండో రోజు మాత్రం అమ్మ ఏడు దాకా పడుకుంది. నేను లేపలేదు.