విన్నాకే తీర్పు: కందుకూరు నేల మీద రెవెన్యూ న్యాయం నడిచిన దారి

రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో భూమి తగాదా పడిన రైతుకు నాలుగు మెట్లు ఉన్నాయి. మొదట తహసీల్దారు, ఆ తర్వాత కందుకూరు ఆర్డీవో, దాని మీద కొంగరకలాన్‌లోని కలెక్టరేటు, చివరికి హైదరాబాదులో హైకోర్టు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగాకే కందుకూరు రెవెన్యూ డివిజన్ అయింది. కొంగరకలాన్ కలెక్టరేటు 2022 ఆగస్టులో మొదలైంది. ఆఫీసులు దగ్గరికొచ్చాయి, సంతోషమే. కానీ ఆఫీసు దగ్గరికి రావడం ఒకటి, అందులో కూర్చున్న అధికారి రైతు మాట విని కారణం రాసి ఉత్తర్వు ఇవ్వడం మరొకటి. ఈ ప్రాంతపు భూమి చట్టాల నూరేళ్ల చరిత్రను తిరగేస్తే చట్టాలు మారాయి, కోర్టుల పేర్లు మారాయి, రైతు మాత్రం ప్రతిసారీ ఒకే హక్కు కోసం కొట్లాడాడు. తనను విన్నాకే తీర్పు ఇవ్వాలన్నదే ఆ హక్కు.

నిజాం కాలంలో హైదరాబాదు నగరం చుట్టుపక్కల భూముల్లో చాలా భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే పాలకుడి సొంత ఖాతాలోని భూమి. దాన్ని అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాగా వేరే పాలించేవారు. మిగతాచోట్ల దివానీ (ప్రభుత్వ భూమి), జాగీరు, పాయగా, సంస్థానం అంటూ ఒక్కో ఊరికి ఒక్కో యజమాని. పాయగాలకూ పెద్ద సంస్థానాలకూ సొంత న్యాయస్థానాలుండేవి. శిస్తు వసూలు చేసేవాడూ, తగాదా తీర్చేవాడూ ఒకే గడపలోని వాళ్లయితే కౌలుదారుకు దక్కే న్యాయమెంతో ఊహించడం కష్టం కాదు. 1317 ఫసలీలో, అంటే 1907-08 ప్రాంతంలో వచ్చిన భూమిశిస్తు చట్టం దివానీ ఇలాకాలో కొంత క్రమం తెచ్చింది. దాని 158వ సెక్షన్ కింద అప్పీలు, 166-బి కింద రివిజన్ అన్న మాటలు నిన్నమొన్నటి దాకా రంగారెడ్డి జిల్లా జాయింట్ కలెక్టర్ల ఉత్తర్వుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. కింది అధికారి తప్పు చేస్తే పై అధికారి దగ్గరికి వెళ్లే దారి ఒకటి ఉండాలన్న ఆలోచన ఈ నేల మీద అంత పాతది.

పోలీసు చర్య తర్వాత రెండేళ్లలో జరిగినన్ని మార్పులు అంతకుముందు వందేళ్లలో జరగలేదు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది, అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950 జూన్ 10న హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. దున్నేవాడిని రక్షిత కౌలుదారుగా గుర్తించి, అతని పేరును రిజిస్టరులోకి ఎక్కించిన చట్టం అది. ఇవాళ ఏ వకీలు దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ నకలు. ఆ తర్వాతి అడుగు రక్షిత కౌలు రిజిస్టరు వైపే.

ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలంగాణ రైతుకు చట్టం నేరుగా ఇచ్చిన అతిపెద్ద హక్కు అదే. పరిమితులకు లోబడి, 1973 జనవరి 1 నాటికి రక్షిత కౌలుదారుకు ఆ భూమి యాజమాన్యం బదిలీ అయినట్టేనని ప్రభుత్వం నోటిఫై చేసింది. అయితే పట్టాదారులు చాలామంది అప్పటికే కౌలుదారులను చేనులోంచి వెళ్లగొట్టారు. భూమి మీద కబ్జా లేనివాడికి యాజమాన్యం ఎలా వస్తుందని వాదించారు. ఉట్నూరు తహసీల్దారు ప్రతివాదిగా ఉన్న కేసులో 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి దీనికి సమాధానం చెప్పింది. కౌలు హక్కు చట్టప్రకారం రద్దు కాకుండా నిలిచి ఉంటే చాలు, ఆ రోజున చేనులో నిలబడి ఉండనక్కర్లేదు, యాజమాన్యం చట్టబలంతోనే వస్తుంది అని. 1989లో సుప్రీంకోర్టు కూడా ఇదే మార్గాన నడిచింది. బలవంతంగా వెళ్లగొట్టినవాడికి ఆ బలవంతమే లాభం తెచ్చిపెట్టకూడదన్న ఈ ఫుల్ బెంచి తీర్పును తెలంగాణ న్యాయచరిత్రలో మొదటి వరుసలో పెట్టాలి.

కానీ కేసు గెలిచినా యాజమాన్య సర్టిఫికెట్ చేతికి రావాలంటే మళ్లీ తహసీల్దారు, ఆర్డీవో, జాయింట్ కలెక్టర్ (జేసీ) కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇనాం భూములకు 1955 నాటి రద్దు చట్టం కింద ఆర్డీవో ఇచ్చే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ (ఓఆర్‌సీ) సంగతీ అంతే. 1975 జనవరి 1 నుంచి అమలైన భూసంస్కరణల చట్టం తన పనికోసం భూసంస్కరణల ట్రిబ్యునళ్లను, అప్పీలు ట్రిబ్యునళ్లను విడిగా పెట్టింది. 1984లో పటేల్ పట్వారీలు పోయారు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రికార్డు చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒక ఎంట్రీ గల్లంతవడం, దాని మీద ఒక కేసు పుట్టడం మామూలైపోయింది.

కందుకూరు, మహేశ్వరం, యాచారం వైపు అసైన్డ్ భూములు ఎక్కువ. పేదలకు పంచిన భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెబుతుంది. ఆ షరతునే చూపి, ప్రజావసరం కోసం వెనక్కి తీసుకునేటప్పుడు అసైనీకి పూర్తి పరిహారం అక్కర్లేదన్నట్టు ప్రభుత్వాలు నడుచుకున్నాయి. ఈ జిల్లాకే చెందిన చేవెళ్ల ఆర్డీవో భూసేకరణ అధికారిగా ఉన్న కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ ధోరణిని తోసిపుచ్చింది. అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ ప్రకారం పరిహారం ఇవ్వాలంది. పేదవాడి పట్టా తక్కువ రకం పట్టా కాదని చెప్పిన తీర్పు అది.

ఆ తీర్పు విలువ ఔషధ పరిశ్రమల కోసం ఫార్మాసిటీ ప్రతిపాదన వచ్చాక ఇక్కడి ఊళ్లకు బాగా తెలిసింది. కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో 19 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకోవాలన్నది ఆలోచన. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కొత్త భూసేకరణ చట్టం అభ్యంతరాలు వినాలి, పునరావాసం కల్పించాలి అంటుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం జీవో 123 తెచ్చి, ఒప్పందం మీద భూమి కొనే పద్ధతి మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. భూమి లేని కూలీలకు ఆ పద్ధతిలో దక్కేది ఏమిటన్న ప్రశ్న ఆ వివాదంలో కీలకమైంది. అదే నిజమైన ప్రశ్న అని నేను నమ్ముతాను. చేను అమ్ముకున్నవాడికి కొంత సొమ్మయినా వస్తుంది, ఆ చేనులో కలుపు తీసే మనిషికి ఏదీ రాదు. తర్వాత 2023లో యాచారం మండలం మేడిపల్లి, కుర్మిద్ద గ్రామాల భూసేకరణను హైకోర్టు తప్పుపట్టి రద్దు చేసింది. రైతుల అభ్యంతరాలను చట్టం చెప్పిన తీరులో వినలేదన్నదే అక్కడ ప్రధాన లోపం.

ఇదే కాలంలో రెవెన్యూ కోర్టులే మాయమయ్యాయి. 2020 అక్టోబరు 29న ధరణి భూరికార్డుల పోర్టల్, దానితో పాటు కొత్త హక్కుల రికార్డు (ఆర్‌ఓఆర్) చట్టం అమల్లోకి వచ్చాయి. తహసీల్దారు, ఆర్డీవో, జేసీ కోర్టులు రద్దయ్యాయి. అవినీతి ఆపడానికే అన్నారు. ఆ కోర్టుల్లో అవినీతి ఉన్నమాట నిజం. కానీ అప్పీలు దారి మూసేయడంతో, తప్పు ఎంట్రీ పడిన సన్నకారు రైతుకు సివిల్ కోర్టు తప్ప దిక్కు లేకుండా పోయింది. పెండింగులో ఉన్న 16 వేలకు పైగా కేసుల కోసం జిల్లాకొక ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టారు. అవి వేగంగా తేల్చాయి, అయితే చాలా కేసుల్లో కక్షిదారులను పిలవకుండా కాగితాలు చూసే తేల్చాయి. 2021లో హైకోర్టు కలగజేసుకుని, ఇరుపక్షాలకూ వాదన వినిపించే అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. సాదాబైనామాల సంగతి మరీ అన్యాయం. పాత 1971 ఆర్‌ఓఆర్ చట్టం రద్దయ్యాక దాని కింద దరఖాస్తులు ఎలా తేలుస్తారని హైకోర్టు అడిగేసరికి, లక్షలాది దరఖాస్తులు 2020 నవంబరు నుంచి ఏళ్ల తరబడి ఆగిపోయాయి. తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసుకుని ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న కుటుంబాలవి.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అప్పీలు మళ్లీ వచ్చింది, ల్యాండ్ ట్రిబ్యునళ్లకు చోటు దొరికింది, పేద రైతుకు ఉచిత న్యాయసాయం అన్న మాటా చట్టంలోకి ఎక్కింది. దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే చట్టంలో చోటు ఉంటే సరిపోదు. ట్రిబ్యునల్‌లో చట్టం తెలిసిన మనుషులు కూర్చోవాలి, వాయిదాలు రైతుకు ముందే తెలియాలి, ఉత్తర్వు తెలుగులో కారణాలతో రావాలి. కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2024 మే నెలలో, రాజ్యాంగం 300-ఎ అధికరణం కింద ఆస్తి హక్కులోనే నోటీసు పొందే హక్కు, తన మాట వినిపించుకునే హక్కు, కారణాలతో కూడిన నిర్ణయం పొందే హక్కు ఉన్నాయని విడమరిచి చెప్పింది. ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు ఫ్యూచర్ సిటీ పేరుతో కొత్త రోడ్లకూ కట్టడాలకూ భూమి కావాలంటున్న ఈ రోజుల్లో, ప్రతి నోటీసూ ఈ కొలతకు తూగాలి.

రైతులకు ఒక మాట. నోటీసు వస్తే పక్కన పడేయకండి, విచారణ రోజున వెళ్లి మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పహాణీ, రక్షిత కౌలు రిజిస్టరు సర్టిఫైడ్ నకళ్లు ఇంట్లో పెట్టుకోండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలు గడువు దాటనివ్వకండి. వకీలు ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.