రంగం నుంచి వచ్చిన ఖౌస్వే

హనుమకొండ చౌరస్తాలో పొద్దుగూకితే నూడుల్స్ బండ్ల దగ్గర నిలబడటానికి చోటు దొరకదు. సోయా సాస్, వెనిగర్ పోసి పెద్ద మంట మీద ఎగరేసే ఆ నూడుల్స్ కలకత్తాలో స్థిరపడ్డ చైనా కుటుంబాల వంటిళ్లలో పుట్టి, బొంబాయి హోటళ్లలో మసాలా పట్టించుకుని, గత కొన్ని దశాబ్దాల్లో వరంగల్ దాకా వచ్చాయి. తెలుగునేలకు నూడుల్స్ వచ్చిన దారి ఇంకొకటి ఉంది. అది సముద్రం మీద దారి. ఆ దారిన వచ్చిన వంటకం పేరు ఖౌస్వే. హోటళ్ల మెనూ కార్డుల్లోకి ఎక్కకముందే దాన్ని బతికించింది విశాఖపట్నంలోని బర్మా కాందిశీకుల కుటుంబాలు.

ఖౌస్వే మూలం చైనాలోని యునాన్ అని చెబుతారు. అక్కడి ముస్లిం వర్తకులు కంచరగాడిదల బిడారాలతో కొండలు దాటి ఇటు బర్మాకు, అటు ఉత్తర థాయ్‌లాండ్‌కు సరుకు మోసేవారు. 1856లో యునాన్‌లో మొదలైన వాళ్ల తిరుగుబాటును 1873లో చైనా చక్రవర్తి సేనలు అణచివేశాక చాలామంది సరిహద్దు దాటి వచ్చి స్థిరపడ్డారు. బర్మాలో వాళ్లను పాంథేలు అన్నారు, థాయ్‌లాండ్‌లో చిన్ హా అన్నారు. వాళ్ల గోధుమ నూడుల్స్‌కు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో కొబ్బరిపాలు, కూర మసాలా కలిసి ఖావ్ సోయి తయారైంది. బర్మాలో మాంసం కూరతో కలిపిన పాంథే ఖౌస్వే, కొబ్బరిపాల పులుసుతో తినే ఓన్నో ఖౌస్వే ప్రసిద్ధికెక్కాయి. చియాంగ్ మాయి గిన్నె, రంగూన్ గిన్నె అక్కచెల్లెళ్ల లాంటివి. పోలిక చూడగానే తెలుస్తుంది, రుచిలో తేడా తింటే తెలుస్తుంది.

బర్మా పులుసును చిక్కబరిచేది శనగపిండి. ఓడ దిగి అక్కడికి వెళ్లిన తెలుగువాడికి ఆ గిన్నెలో పరాయిగా తోచేది నూడుల్స్ ఒక్కటే. పసుపు, ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి, శనగపిండి, కొబ్బరి అన్నీ ఇంటి సరుకులే. బర్మావాళ్లు పొద్దున్నే తినే మొహింగా అనే నూడుల్స్ పులుసులో అరటి దూట కూడా పడుతుంది.

ఇంతకీ తెలుగువాడు అక్కడికి ఎందుకు వెళ్లాడు? 1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, 1886 నాటికి దేశమంతా వాళ్ల కిందికి పోయింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు, రంగూన్‌లో మిల్లులు లేచాయి, రేవులో మూటలు మోసే చేతులు కావాల్సి వచ్చాయి. మేస్త్రీలు ఊళ్ల మీద పడి ముందుగా అప్పిచ్చి కూలీలను పోగుచేశారు. కాకినాడ, భీమిలి, విశాఖ, కళింగపట్నం, బారువ రేవుల్లో జనం స్టీమర్లెక్కారు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో అదంతా ఒక్క మాటలో ఇమిడిపోయింది: రంగం (రంగూన్) వెళ్లడం. పాత కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. 1931 జనగణన నాటికి రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల జనంలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు.

ఆ బతుకు నిలకడైనది కాదు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలాక తెలుగువాళ్లను తీసుకుని బర్మావాళ్లను పొమ్మనడంతో గొడవ రాజుకుంది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాన్ మీదుగా, అస్సాం కొండల మీదుగా నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. యుద్ధం ముగిశాక మళ్లీ కొందరు వెళ్లారు.

చివరి దెబ్బ 1962లో మొదలైంది. ఆ ఏడాది మార్చి 2న జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేశారు. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్ నోట్లను రద్దు చేశారు. నగలూ నగదూ వెంట తీసుకుపోవడానికి గట్టి ఆంక్షలు పెట్టారు. తరాలుగా కూడబెట్టింది అక్కడే వదిలి కుటుంబాలకు కుటుంబాలు ఓడలెక్కాయి. సోదాల్లో ఎవరూ లాక్కోలేకపోయింది చేతిలోని వంట ఒక్కటే.

అలా వచ్చిన తమిళ కుటుంబాలు మద్రాసులో కుదురుకున్నాయి. 1969లో రేవుకు దగ్గర్లో బర్మా బజార్ వెలిసింది. ఆ చుట్టుపక్కల బండ్ల మీద అమ్మే అత్తో నేడు చెన్నై అంతటా తెలిసిన తిండి. ఉడికించిన నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, చింతపండు రసం, వెల్లుల్లి వేయించిన నూనె, కారం వేసి చేత్తోనే కలిపి, పక్కన అరటి దూట సూప్ పోసిస్తారు. తెలుగు కుటుంబాలు కొన్ని విశాఖలో, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపుగా పేరుపడిన చోట స్థిరపడ్డాయి. అక్కడి సాయంత్రపు బండ్ల మీద ఖౌస్వే నిలిచింది.

బండి మీద కనిపించేది చివరి ఐదు నిమిషాల పనే. అసలు పనంతా ఇంట్లో, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, నానబెట్టిన ఎండుమిర్చి ముద్దగా నూరుకోవాలి. పసుపు వేసి, పచ్చివాసన పోయి అంచుల్లో నూనె తేలేదాకా సన్నసెగ మీద వేయించాలి. ఇక్కడ తొందరపడితే పులుసు ఎంత మరిగించినా రుచి రాదు. కోడిమాంసం ఉడికాక శనగపిండిని నీళ్లలో ఉండకట్టకుండా జారుగా కలిపి పోస్తారు. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. కొబ్బరిపాలు చివర్లో పోస్తారు, ముందే పోసి తెర్లిస్తే విరిగిపోతాయి. నూడుల్స్ విడిగా ఉడికించి, అంటుకోకుండా నూనె పట్టిస్తారు. కొన్నిటిని కరకరలాడేలా వేయించి పక్కన పెడతారు. గిన్నెలో నూడుల్స్, మీద వేడి పులుసు, ఆపైన నలిపిన వేపుడు నూడుల్స్, ఉడికించిన గుడ్డు ముక్కలు, పచ్చి ఉల్లి, కొత్తిమీర, వేయించిన మిరప్పొడి, నిమ్మరసం. బర్మాలో ఉప్పుకు తోడు పడే చేపల సాస్ ఇక్కడ దొరకని రోజుల్లో ఉప్పుతోనే సరిపెట్టుకున్నారు. ఇలాంటి సర్దుబాట్లను కల్తీ అనడం అన్యాయం. ఆ వంటకం యునాన్ నుంచి రంగూన్ చేరేలోపు ఎన్నిసార్లు మారిందో తలచుకుంటే విశాఖలో జరిగింది చాలా చిన్న మార్పు.

ఇప్పుడు హైదరాబాద్ రెస్టారెంట్లలోనూ ఈ వంటకం దొరుకుతోంది. కొబ్బరిపాల పులుసు చుట్టూ పది చిన్న గిన్నెల్లో రకరకాల నంజుళ్లు పేర్చి పెడతారు. పెళ్లి విందుల్లోనూ దానికి ప్రత్యేకంగా కౌంటరు పెడుతున్నారు. రుచిగానే ఉంటుంది. కాని అక్కడ తినేవారికి ఆ గిన్నె వెనుక బారువ రేవు ఉందని, 1964 ఓడలు ఉన్నాయని చెప్పేవారుండరు.

చియాంగ్ మాయిలో పరిస్థితి వేరు. అక్కడ తరాలుగా ఖావ్ సోయి ఒక్కటే వండుతున్న కుటుంబాల అంగళ్లకు ఊరంతా గౌరవముంది. మంచి హోటళ్లను ఎంచి చెప్పే మిషెలిన్ గైడు 2020 సంచికలో ఆ నగరాన్ని చేర్చుకున్నాక అలాంటి చిన్న అంగళ్లకు కూడా బిబ్ గూర్మాండ్ గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు చూసి ఎక్కడెక్కడి నుంచో జనం వెతుక్కుంటూ వెళ్తున్నారు. విశాఖ బండ్లకూ అలాంటి గుర్తింపు దక్కాలి. పర్యాటక శాఖ అచ్చువేసే పుస్తకాల్లో బీచ్‌తో పాటు బర్మా క్యాంపు సాయంత్రాలకూ ఒక పేజీ ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు విద్యార్థులను అక్కడికి పంపి, వంట పద్ధతులతో సహా ఆ కుటుంబాల కథలు రికార్డు చేయించాలి. 1964లో పదేళ్ల వయసులో ఓడ దిగినవారు ఇప్పుడు డెబ్బై దాటారు. రంగూన్ వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని నూడుల్స్ విడదీసిన జ్ఞాపకం ఉన్నది వాళ్లకే.